బుర్రా వారి మూడు చక్రాల బండి

పాతమల్లవరంలో బుర్రా వాళ్ళ ఇల్లెక్కడని ఎవరినడిగినా చెప్తారు. చెప్పి నవ్వుతారు కూడా. ఆ నవ్వెందుకో బుర్రా వాళ్ళకి మాత్రం ఇప్పటికీ తెలీదు. తమ తెలివి చూసి సంతోషం పట్టలేక నవ్వుతున్నారని వాళ్ళ నమ్మకం.

"ఊళ్ళో అందరికీ ఇంటిపేర్లున్నాయి. ఇంటిపేరులోనే బుర్ర ఉన్నది మాత్రం మనకొక్కళ్ళకే," అనేవాడు ఇంటిపెద్ద గవర్రాజు, అరుగు మీద కూర్చుని తల నిమురుకుంటూ. "ఎదుటివాడు ఏమంటే మనం అదే చేస్తాం. ఓ అక్షరం ఎక్కువ లేదు, ఓ అక్షరం తక్కువ లేదు. అదీ తెలివంటే!"

"అవునండీ," అనేది ఆయన భార్య అచ్చియ్యమ్మ.

"అవును నాన్నా," అనేవాడు కొడుకు వీరభద్రం.

కోడలు నాగరత్నం ఏమీ అనేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి "ఏవండీ, పాలు పొంగుతున్నాయి చూడండి" అంది. వీరభద్రం వెళ్ళి చూశాడు. మొత్తం పొంగిపోయేదాకా నిలబడి చూశాడు. "చాలా బాగా పొంగాయి రత్నం" అని వచ్చి చెప్పాడు కూడా. ఆ రోజునుంచీ ఆ పిల్ల మాటలు ఆచితూచి వాడటం నేర్చుకుంది. మనుషులు మాత్రం వెన్నలాంటివాళ్ళని కూడా ఆ రోజే తెలుసుకుంది. ఎందుకంటే పొంగిపోయిన పాలు ముగ్గురూ కలిసి తుడిచారు, ఒక్కరూ విసుక్కోలేదు.

వీళ్ళకో పాప పుట్టింది. ముద్దుపేరు పండు. బూరెలా ఉండేది. ఎత్తుకుంటే నవ్వేది, దించితే ఇల్లు పీకి పందిరేసేది. పొద్దస్తమానం నాగరత్నం చంకలోనే. ఇంకేముంది, నాగరత్నం నడుం పట్టేసింది. అందరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"పిల్ల బరువుందమ్మా. ఇంక ఎత్తుకుని తిరగొద్దు," అంది డాక్టరమ్మ. "నీ నొప్పికి మాత్రల కంటే పిల్లల బండే మంచి మందు. తోసుకెళ్ళే బండి కొనుక్కోండి. మీ ఊరి గతుకుల దారికి మూడు చక్రాలదైతే హాయిగా పోతుంది."

"అన్నానికి ముందా అమ్మా, తరవాతా?" అడిగింది అచ్చియ్యమ్మ.

"ఏవిటి?"

"బండి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎప్పుడైనా వాడొచ్చు," అంది.

"మోతాదు కూడా లేదు చూశారా! మందంటే ఇదీ!" అని అచ్చియ్యమ్మ మురిసిపోయింది.

ఇంటికొచ్చారు. ఎత్తుకోవద్దన్నారు కదా, అంతే, పండుని ఎవరూ ఎత్తుకోలేదు. చాప మీద కూర్చోబెట్టి చాప లాక్కుంటూ పోయారు. వంటింట్లోకి చాప, పెరట్లోకి చాప. పండుకి మహా సరదాగా ఉంది. చాపకే చిరుగులు పడ్డాయి.

ఈ సంగతి పక్క ఊరు కోటిపాడులో ఉన్న నాగరత్నం తల్లికి తెలిసింది. ఆవిడ పేరు మహంకాళమ్మ. పేరుకి తగ్గ మనిషి. వెంటనే ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, నా కూతురు నడుం పోయిందట, మనవరాలిని చాప మీద ఈడుస్తున్నారట! ఆదివారం వస్తున్నాను. సరైన బండి నా కళ్ళపడిందా సరే సరి. లేదంటే తల్లినీ పిల్లనీ నాతో తీసుకుపోతాను. బాగా అయ్యేదాకా పంపను!"

గవర్రాజు ఫోను పెట్టేసి ఇంట్లోవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"బండి కళ్ళల్లో పడితే కళ్ళు పోవూ, పాపం వదినగారికి!" అని అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది.

వీరభద్రం మాత్రం ఆ మాట వినలేదు. అతనికి అన్నం సయించలేదు. తెల్లారగానే పండు పాక్కుంటూ వచ్చి అతని మీసం పట్టుకుని లాగేది. అలా లాగితే గానీ అతనికి తెల్లారినట్టుండేది కాదు. "పండు వెళ్ళిపోతే నన్నెవరు లేపుతారు నాన్నా?" అన్నాడు మీసం తడుముకుంటూ.

"వెర్రివాడా, మనకి బుర్ర ఎందుకుంది? పద, బండి కొందాం!" అన్నాడు గవర్రాజు.

నాగరత్నం గుమ్మందాకా వచ్చి, "మావయ్యగారూ, పిల్లల సామాన్లు అమ్మే కొట్టుకే వెళ్ళండి. మూడు చక్రాలు, తోసేది, పిల్లలది. ఈ మూడూ ఉన్నదే తీసుకోండి," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ముగ్గురూ ఆ మాటల్ని వల్లె వేసుకుంటూ టౌనుకి బయల్దేరారు.

బస్సు దిగగానే ఎదురుగా జామకాయల బండి కనబడింది. జామకాయలమ్మే ఆయన దాన్ని తోసుకుంటూ వస్తున్నాడు.

"తోసేదే!" అన్నాడు వీరభద్రం.

"పిల్లలు చుట్టూ మూగారు, కాబట్టి పిల్లలదే!" అంది అచ్చియ్యమ్మ.

"కానీ చక్రాలు నాలుగున్నాయే," అని గవర్రాజు తల గోక్కున్నాడు. అంతలోనే ఆయన మొహం వెలిగింది. "ఒకటి తీసేస్తే మూడేగా! ఏమయ్యా, నీ బండికి ఓ చక్రం ఎక్కువుంది. తీసేసుకోమంటావా?"

జామకాయలాయనకి ఒళ్ళు మండింది. "తీసుకోండి బాబూ, తీసుకోండి! మీకంటేనా!" అన్నాడు వెటకారంగా.

"ఎంత మంచివాడో!" అనుకుంటూ వీరభద్రం వంగి చీల పీకేశాడు. చక్రం చేతికొచ్చింది. ఇంకేముంది, బండి ఓ పక్కకి ఒరిగింది. జామకాయలన్నీ బజారు పొడుగునా దొర్లాయి. పిల్లలు జేబులు నింపుకున్నారు. ఓ మేక కూడా కడుపు నింపుకుంది.

"ఇది వద్దు నాన్నా, మూడు చక్రాలతో నిలబడటం లేదు," అని వీరభద్రం చక్రాన్ని భద్రంగా జామకాయలాయన చేతిలోనే పెట్టేశాడు. ముగ్గురూ కలిసి కాయలేరడానికి కూర్చున్నారు. ఏరిన ప్రతి కాయనీ అచ్చియ్యమ్మ కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. దాంతో ఆయనకి తిట్టాలో నవ్వాలో తెలీక, పిల్లల సామాన్ల కొట్టు ఎటుందో తనే దగ్గరుండి చూపించాడు.

ఆ కొట్టు తాతాజీ అనే ఆయనది. మాటకారి. ఊయలలూ బొమ్మలూ దాటుకుంటూ తీసుకెళ్ళి, ఎర్రటి మూడు చక్రాల బండిని ముందుకి లాగాడు. పైన గొడుగు, లోపల మెత్తటి సీటు, పెద్ద పెద్ద రబ్బరు చక్రాలు. ముగ్గురి కళ్ళూ చెదిరిపోయాయి.

"దీని గొప్పతనమంతా ఈ ముందు చక్రంలోనే ఉందండీ," అన్నాడు తాతాజీ. "ఎటు కావాలంటే అటు, ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది."

అచ్చియ్యమ్మ చెంపలు వాయించుకుంది. "రామ రామ! ఇష్టం వచ్చినట్టు తిరిగేదాన్ని మా ఇంటికి ఎలా తీసుకెళ్తామయ్యా? ఆడపిల్ల ఉన్న ఇల్లు మాది! ఇరుగూ పొరుగూ ఏమనుకుంటారు?"

"అబ్బే, కావాలంటే తిరక్కుండా లాకు వేసుకోవచ్చమ్మా. ఇదిగో, ఇక్కడ నొక్కితే చాలు."

"అలా చెప్పు! ఇంట్లో పెట్టి తాళం వేస్తే అదే బుద్ధిగా ఉంటుంది," అని ఆవిడ కుదుటపడింది. పక్క ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి అరచేయంత తాళంకప్ప ఒకటి కొనుక్కొచ్చింది కూడా.

"మరి ఎన్నాళ్ళొస్తుంది?" అడిగాడు గవర్రాజు.

"ఢోకా లేదండీ. పిల్లకి మూడేళ్ళు నిండేదాకా వస్తుంది."

గవర్రాజు మొహం వాడిపోయింది. "మూడేళ్ళు నిండేదాకా వస్తూనే ఉంటుందా? అప్పటిదాకా మా ఇంటికి చేరదా? మాకు ఆదివారానికి కావాలి బాబూ!"

తాతాజీ నుదురు తుడుచుకున్నాడు. "ఇవాళే తీసుకెళ్ళొచ్చండీ. ముందు మీరే ఓసారి తోసి చూడండి."

అంతే. వీరభద్రం పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి ఒక్క తోపు తోశాడు. తోసి, చేతులు నడుం మీద పెట్టుకుని చూశాడు. బండి ఊయలల మధ్యనుంచి దూసుకుపోయింది. గుమ్మం దాటింది. మెట్లు దిగింది. రోడ్డవతల పూలమ్ముకునే ఆవిడ గంపకి కొట్టుకుని ఆగింది. గొడుగు నిండా చామంతులు.

"అయ్యో అయ్యో! అలా తోశావేంటయ్యా?" అరిచాడు తాతాజీ.

"మీరే కదండీ తోసి చూడమన్నారు. తోశాను. చూశాను. బాగా పోతోంది!" అన్నాడు వీరభద్రం సంబరంగా.

తాతాజీ బండిని వెనక్కి తెచ్చుకుని, చామంతులు దులిపి, కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకేం మిగిలింది! ఈ బండి కూడా తీసి నా నెత్తిన పెట్టండి!"

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "పెద్దమనిషి అడుగుతున్నాడు, కాదనకూడదు," అన్నాడు గవర్రాజు. తండ్రీ కొడుకులు బండిని చెరోపక్కా పట్టుకుని ఎత్తి, మెల్లిగా, నొప్పి తగలకుండా, తాతాజీ నెత్తిన పెట్టారు. పడిపోకుండా అచ్చియ్యమ్మ వెనకనుంచి పట్టుకుంది.

బండి కిందనుంచి తాతాజీ గొంతు వినబడింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. "అమ్మా, అయ్యా! ఇంతకంటే మంచి బండి జిల్లాలో లేదు. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళిపోండి. మీకు దణ్ణం పెడతాను. ఇంటికెళ్ళాక పిల్లని అందులో కూర్చోబెట్టినప్పుడు ఓ కన్నేసి ఉంచండి. తోసేవాళ్ళు బండిమీంచి చెయ్యి వదలకండి. వెళ్ళిరండి!"

గవర్రాజు బండి దింపించి డబ్బు చెల్లించాడు. ముగ్గురూ అక్కడికక్కడే కళ్ళు మూసేసుకున్నారు. వీరభద్రం బండి పట్టుకున్నాడు. అతని చొక్కా అచ్చియ్యమ్మ పట్టుకుంది. ఆవిడ కొంగు గవర్రాజు పట్టుకున్నాడు. అలా బజారున పడ్డారు. జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఓ మలుపు దగ్గర గవర్రాజు చేతిలోంచి కొంగు జారింది. ఆయన గాల్లో తడుముకుంటూ వెళ్ళి ఏదో తలుపు తోశాడు. మెత్తటి కుర్చీ తగిలితే కూర్చున్నాడు.

"మొత్తమా అండీ?" అని అడిగింది ఓ గొంతు.

బండి గురించే అనుకున్నాడు గవర్రాజు. "మొత్తం! మొత్తం కావాలి! సగం ఏం చేసుకుంటాం?"

చల్లగా నీళ్ళు పడ్డాయి. తలమీద ఏదో గరగరలాడింది. హాయిగా ఉండి ఆయనకి కునుకు కూడా పట్టింది. వీరభద్రమూ అచ్చియ్యమ్మా బస్టాండులో ఓ స్తంభానికి గుద్దుకుని, కళ్ళు తెరుచుకుని, వెతుక్కుంటూ వచ్చేసరికి ఆయన సెలూన్ కుర్చీలో నున్నటి గుండుతో కూర్చుని ఉన్నాడు.

"నాన్నా! జుట్టేదీ?"

గవర్రాజు అద్దంలో చూసుకున్నాడు. గుండు నిమురుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పోతే పోయిందిరా. ఇన్నాళ్ళూ జుట్టు అడ్డొచ్చి మన బుర్ర ఎవరికీ సరిగ్గా కనబడలేదు."

ఎలాగైతేనేం, బండి ఇల్లు చేరింది. నాగరత్నం మామగారి గుండు చూసి నోరు తెరిచింది గానీ, బండి చూసి మూసేసింది. మూడు చక్రాలు, తోసేది, పిల్లలది. అన్నీ సరిగ్గా ఉన్నాయి! పండుని అందులో కూర్చోబెడితే కాళ్ళు కొట్టుకుంటూ కేరింతలు కొట్టింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తాతాజీ చెప్పిన మాటలు ఇంకా ఉన్నాయి కదా.

ఓ కన్నేసి ఉంచమన్నాడు. అంటే రెండో కన్ను వేయకూడదు. అంతే, ముగ్గురూ ఎడమ కన్ను మూసేసి, కుడి కన్నుతో బండిని చూడటం మొదలెట్టారు. గవర్రాజు అరుగు మీద కూర్చుని మరీ ఒంటికన్నుతో కాపలా కాశాడు. పొరుగింటి సూరమ్మ నీళ్ళ బిందెతో వెళ్తూ ఇటు చూసింది. గుండుతో ఉన్న పెద్దమనిషి తనవైపు తిరిగి కన్ను మూశాడు. ఆవిడ మళ్ళీ వచ్చింది, ఇంకా మూసే ఉన్నాడు. ఇంకేముంది, బిందె దించి చీపురు పట్టుకొచ్చింది.

"ఈ వయసులో కన్ను కొడతావా పెద్దాయనా! అచ్చియ్యమ్మక్కా, బయటికి రా, నీ మొగుడి సంగతి చూడు!"

అచ్చియ్యమ్మ బయటికొచ్చింది. ఆవిడా కన్ను మూసే ఉంది. వెనకే వీరభద్రం వచ్చాడు, అతనూ అంతే. సూరమ్మ చీపురు కింద పడేసింది. "అయ్యో తల్లీ, ఇంటిల్లిపాదికీ కళ్ళకలకా!" అని వణికిపోతూ వెళ్ళి చుక్కల మందు తెచ్చి, వద్దన్నా వినకుండా ముగ్గురి కళ్ళలోనూ పోసింది. మంటెత్తిపోయి రెండో కన్ను కూడా మూతపడింది.

ఇక బండిమీంచి చెయ్యి వదలొద్దన్నాడు. వీరభద్రం వదల్లేదు. అన్నం నాగరత్నం కలిపి పెట్టింది. స్నానం బండితో పాటే చేశాడు. చొక్కా విప్పడం కుదరక చొక్కాతోనే చేశాడు. దారిన పోయేవాళ్ళు దణ్ణం పెడితే గడ్డంతో దణ్ణం పెట్టాడు. "వదిలెయ్యండీ, నేను పట్టుకుంటాను," అని నాగరత్నం బతిమాలితే, "నేను వదిల్తే మీ అమ్మ మిమ్మల్ని తీసుకుపోతుంది రత్నం," అన్నాడు. నాగరత్నం అతని భుజం మీద తువ్వాలు సర్ది, ఇంకో ముద్ద పెట్టింది.

ఆదివారం వచ్చింది. మహంకాళమ్మ కూడా వచ్చింది. గుమ్మంలో గుండుతో వియ్యంకుడు. పక్కన ఎర్రటి కళ్ళతో వియ్యపురాలు. వెనక తడి చొక్కాతో, బండికి అతుక్కుపోయి, అల్లుడు. ఆవిడ సంచీ కింద పెట్టి ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

"ఏమైంది మీ అందరికీ?" అంది చివరికి.

"బండి కొన్నాం చెల్లెమ్మగారూ," అన్నాడు గవర్రాజు గర్వంగా.

ఆవిడ బండి చుట్టూ తిరిగింది. చక్రాలు నొక్కింది. సీటు తట్టింది. గొడుగు వేసి చూసింది, తీసి చూసింది. ముందు చక్రానికి వేలాడుతున్న తాళంకప్పని కూడా ఓసారి లాగి చూసింది. "బండికి వంక పెట్టడానికి లేదు," అని ఒప్పుకుంది. పండుని కూర్చోబెట్టి బెల్టు పెట్టి, "ఏదీ, అలా వీధిలో ఓసారి తిప్పు నాయనా, చూస్తాను," అంది.

అంతే. వీరభద్రం బండిని వీధి మధ్యకి తీసుకెళ్ళి గిరగిరా తిప్పాడు. తిరగలి తిప్పినట్టు తిప్పాడు. పండు ఒకటే నవ్వు. ఆ నవ్వు విని వీధంతా బయటికొచ్చింది. చూసిన మహంకాళమ్మ కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడింది.

"చాలండీ! ఆపండి!" అంది నాగరత్నం. ఆగాడు. కానీ తూలుతూ వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర పడ్డాడు, చెయ్యి మాత్రం బండి మీదే ఉంది.

"చూశావుగా," అంది మహంకాళమ్మ కూతురితో, నుదురు పట్టుకుని. "వీళ్ళ మధ్య ఎలా ఉంటావే? బట్టలు సర్దుకో."

వీరభద్రం తల ఎత్తలేదు. పండు బండిలోంచి వంగి అతని మీసం అందుకుని లాగింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు.

నాగరత్నం తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, ఈయన్ని బండి వదలొద్దన్నారు, నిద్రలో కూడా వదల్లేదు. ఇన్నాళ్ళూ పిల్లని ఎత్తుకోవద్దన్నారు, నన్ను వంగనివ్వకుండా పనంతా వీళ్ళే చేశారు. చెప్పిన మాట తప్పడం వీళ్ళకి రాదు. చెప్పేవాళ్ళే కాస్త చూసి చెప్పాలి. నేనెక్కడికీ రాను."

మహంకాళమ్మ కూతుర్ని చూసింది, అల్లుణ్ణి చూసింది, మీసం వదలని మనవరాలిని చూసింది. చూసి చూసి ఫక్కున నవ్వేసింది. "సరే, మీ ఇష్టం. చల్లగా ఉండండి. నన్ను మా ఊరికి పంపండి చాలు."

"ఊరికే పంపుతామా చెల్లెమ్మగారూ! భోంచేసి, చీర పెట్టించుకుని మరీ వెళ్ళాలి," అన్నాడు గవర్రాజు. అలాగే చేశారు. పప్పు, పులుసు, గారెలు. ఆవిడ తృప్తిగా తిని, చీరా అరటిపళ్ళూ సంచీలో పెట్టుకుని లేచింది. నాగరత్నం పండుని నిద్రపుచ్చడానికి ఇంట్లో ఉండిపోయింది. మిగిలిన ముగ్గురూ ఆవిడని బస్సు ఎక్కించడానికి బయల్దేరారు. ఎవరు చెప్పినా వినకుండా, వీరభద్రం ఖాళీ బండి తోసుకుంటూ వెనకాలే వచ్చాడు.

బస్సు వచ్చింది. మనుషులు గుమ్మంలో వేలాడుతున్నారు. మహంకాళమ్మ ఒక కాలు పెట్టబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చోటు లేదమ్మా! వెనకాలే బండి ఖాళీగా వస్తోంది. పెద్దమ్మని అందులో ఎక్కించండి. నేరుగా కోటిపాడు వెళ్తుంది!" అని అరిచి ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. నిజమే! వెనకాలే బండి ఖాళీగా వస్తోంది. తోసుకొస్తున్నవాడు వీరభద్రం.

"ఔరా! మనకి తెలీని సంగతి కండక్టరు ఎలా కనిపెట్టాడు!" అన్నాడు. "అచ్చియ్యమ్మా, పట్టు!"

"ఏవిటిది అన్నయ్యగారూ? వదినా, వదలండి! అయ్యో!" అని మహంకాళమ్మ గింజుకునేలోపే ముగ్గురూ కలిసి ఆవిడని ఎత్తి బండిలో కూరేశారు. ఆవిడ సీటులో బిరడాలా బిగుసుకుపోయింది. ఒళ్ళో సంచీ పెట్టి, పైన గొడుగు వేసి, బెల్టు అందకపోతే అచ్చియ్యమ్మ తువ్వాలుతో గట్టిగా కట్టింది. అంతే, బండి కోటిపాడు దారి పట్టింది. ముగ్గురూ కలిసి తోశారు. బరువుకి చక్రాలు మూలిగాయి గానీ, మంచి బండి, ఎక్కడా ఆగలేదు.

కాసేపటికి వెనకనుంచి హారను వినబడింది. ఖాళీ బస్సు. దారి ఇరుకు, రెండు పక్కలా కాలువలు. మధ్యలో వీళ్ళు. బస్సు ఎంత మోగించినా పక్కకి తప్పుకునే చోటు లేదు.

"అదిగో బస్సు! ఆపండి! నేను అందులో ఎక్కుతాను!" అని మహంకాళమ్మ గొడుగు కిందనుంచి కేకలు పెట్టింది.

"భయపడకండి చెల్లెమ్మగారూ, మనకంటే ముందు వెళ్ళనివ్వం!" అని గవర్రాజు ఇంకా జోరుగా తోశాడు.

కోటిపాడు స్టాపులో మహంకాళమ్మ భర్త పల్లాలు బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు. దూరంగా దుమ్ము లేచింది. ముందు ఎర్రటి గొడుగు కింద ఆయన భార్య. వెనక చెమటలు కక్కుతూ ముగ్గురు. వాళ్ళ వెనక చీమలా పాకుతూ, ఆగకుండా హారను మోగిస్తూ, ఒక్క మనిషి కూడా లేని బస్సు.

పల్లాలు కళ్ళు నులుముకున్నాడు. "బావగారూ! బస్సు అంత ఖాళీగా ఉంటే, ఈవిడని ఇందులో తోసుకొచ్చారేంటి?"

గవర్రాజు గుండు మీద చెమట తుడుచుకుని, బస్సుకేసి జాలిగా చూశాడు.

"అదేం ప్రశ్న బావగారూ! పాపం, ఆ డ్రైవరుకి మీ ఊరి దారి తెలీదు. చూడండి, మా ఊరి పొలిమేరనుంచీ మా వెనకాలే వస్తున్నాడు. ఇప్పుడు మేం తిరిగి వెళ్ళకపోతే ఇంటికెలా పోతాడు?" అంటూ మహంకాళమ్మని దింపకుండానే బండిని వెనక్కి తిప్పాడు.